లేసిక్ చేయిస్తే లోకో పైలట్ అవుతాడా?

ప్రశ్న: మాది కాజీపేట. మా అబ్బాయికి 19 ఏళ్లు, ఎలక్ట్రికల్ డిప్లొమా అయింది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ (ఏఎల్‌పీ) పోస్టుకు ప్రిపేర్ అవుతున్నాడు. రెండు కళ్లకూ మైనస్ 2.25 సైట్ ఉంది, పోయినేడాది 1.50 ఉండేది. కోచింగ్‌లో ఎవరో చెప్పారని సైట్ పోగొట్టే లేజర్ ఆపరేషన్ లేసిక్‌కి అడ్వాన్స్ కట్టాం. లేసిక్ మంచిదా, లేజర్‌తోనే చేసే ఇంకో పద్ధతి స్మైల్ మంచిదా? మెడికల్‌లో ఇబ్బంది రాదుగా? - ఒక తండ్రి

జవాబు: ముందు ఆ ఆపరేషన్ ఆపండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఏఎల్‌పీకి ఏ-1 మెడికల్ స్టాండర్డ్ కావాలి. కళ్లజోడు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలన్నది మీకు తెలిసే ఉంటుంది. లేసిక్ గానీ, సైట్ పోగొట్టే మరే సర్జరీ గానీ చేయించుకున్నవాళ్లు ఈ పోస్టుకు అనర్హులు. ఈ మాట 2024 నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. స్మైల్ అయినా, కంట్లో లెన్స్ పెట్టించినా అంతే. కోచింగ్ ఫీజు కట్టారు, ఆసుపత్రికి అడ్వాన్స్ కట్టారు. నోటిఫికేషన్‌లో మెడికల్ పేజీ ఒక్కటి చదవడానికి మాత్రం ఇంట్లో ఎవరికీ తీరిక దొరకలేదా? పిల్లాడి కంటి సంగతి పక్క బెంచీ కుర్రాడి మాట మీద తేల్చేస్తారా?

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది సార్" అని అడిగేవాళ్లూ ఉన్నారు. లేసిక్‌లో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద సన్నటి పొరను మూతలా లేపి, కింద లేజర్ కొట్టి, మళ్లీ పరుస్తారు. ఆ పొర అంచు ఏళ్లు గడిచినా స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టర్లు వాడే మైక్రోస్కోప్) కింద గీతలా కనిపించవచ్చు. కార్నియా మందం, వంపు కొలిస్తే ఇంకా తేలిగ్గా బయటపడుతుంది. పరీక్ష పాసై, మెడికల్ దాకా వెళ్లి ఇలా దొరికిపోతే ఆ పిల్లాడి పరిస్థితేమిటో ఆలోచించండి.

రైల్వేవాళ్లది మొండితనమని నేననుకోను. లేసిక్ తర్వాత కొందరికి రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, వెలుగు చెదిరినట్టు ఉంటుంది. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది, కొందరికి ఉండిపోతుంది. రాత్రంతా సిగ్నళ్లు చూస్తూ బండి నడిపే మనిషి దగ్గర ఆ "కొందరికి" అన్న మాట చిన్నది కాదు.

ఈమధ్య "కళ్లద్దాలు తీసేస్తే యూనిఫాం ఉద్యోగాలన్నీ మనవే" అన్న మాట బాగా వినిపిస్తోంది. నాకు దాని మీద నమ్మకం లేదు. డిఫెన్స్ ఆఫీసర్ ఎంట్రీలనే తీసుకోండి. సర్జరీని ఒప్పుకునే చోట కూడా అది 20 ఏళ్లు నిండాక చేయించుకుని ఉండాలి, 12 నెలలు గడిచి ఉండాలి, కార్నియా మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు. ఎన్‌డీఏకి (నేషనల్ డిఫెన్స్ అకాడమీకి) వెళ్లే పిల్లలు ఇరవై నిండకముందే చేరాలి. మరి ఇంటర్ పిల్లాడికి లేసిక్ చేయించి ఏం లాభం? ఒక్కో పోస్టుకు ఒక్కో రూలు ఉంటుంది. అన్నిటికీ కలిపి ఒకే ఆపరేషన్ ఉండదు.

ఉద్యోగం సంగతి పక్కన పెట్టినా మీవాడికి ఇది సమయం కాదు. ఏడాదిలో ముప్పావు పాయింటు పెరిగిందంటే సైట్ ఇంకా కుదురుకోలేదు. ఇప్పుడు చేయిస్తే రెండేళ్లలో మళ్లీ కళ్లజోడు రావచ్చు. కనీసం ఏడాదిపాటు సైట్ దాదాపు కదలకుండా ఉండాలి. కార్నియా తగినంత మందంగా ఉండాలి, దాని ఆకారం సరిగ్గా ఉండాలి. కళ్లు ఎక్కువగా నలిపే అలవాటుంటే కెరటోకోనస్ (కార్నియా పల్చబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) ఉందేమో ముందే చూడాలి. ఇవన్నీ సరిపోయినవాళ్లకు లేసిక్ మంచి ఆపరేషనే, నాకు దానితో పేచీ లేదు. స్మైల్‌లో కోత చిన్నది, పొర లేపరు. కళ్లు పొడిబారడం కాస్త తక్కువంటారు. మీవాడికి ఈ పోలికతో ఇప్పుడు పని లేదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నా.

మీ ఉత్తరంలో అసలు భయం సైట్ గురించి కాదని నాకు తెలుసు. డిప్లొమా చదివించిన డబ్బు, ఊళ్లో రైల్వే ఉద్యోగుల పిల్లలతో పోలిక, "వాడికి ఇంకేం వస్తుంది" అన్న బెంగ. టెన్షన్ పడకండి. సైట్ వల్ల ఏఎల్‌పీ దారి మూసుకున్నా, మీవాడి చేతిలో ఎలక్ట్రికల్ డిప్లొమా ఉంది. రైల్వే జూనియర్ ఇంజనీర్ (జేఈ) పోస్టుల్లో బీ-1 మెడికల్ ఉన్నవి చూడండి. దానికి కళ్లజోడుతోనే ఒక కంటికి 6/9, రెండో కంటికి 6/12 వస్తే చాలు. అద్దాల పవర్ 4 దాటకూడదు, రంగులు గుర్తించే పరీక్ష లాంటివి కూడా పాసవ్వాలి. మీవాడిది 2.25. ఏఎల్‌పీకి చదివిన లెక్కలు, రీజనింగ్, సైన్స్ ఇక్కడా పనికొస్తాయి. విద్యుత్ సంస్థల నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండండి. మెడికల్ పేజీ మాత్రం ప్రతిసారీ మీరే చదవండి.

ఈ వారంలోనే ఆసుపత్రికి వెళ్లి అడ్వాన్స్ వెనక్కి అడగండి. సైట్ పెరుగుతోందని చెప్పండి, మంచి డాక్టరైతే వాళ్లే ఆగమంటారు. హైదరాబాద్ వచ్చే పనుంటే సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో ఒకసారి రెటీనా కూడా చూపించండి. సాయంత్రం మీ అబ్బాయిని కూర్చోబెట్టి జేఈ సిలబస్ తీయించండి. ఏఎల్‌పీ కల ఎవరిదో, మీదో వాడిదో, అదీ అప్పుడే అడిగేయండి.