బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్: ఓనరు బాధ్యత ఎంత, బీమా ఎంతవరకు?

ప్రశ్న: మేము తిరుపతి కొర్లగుంటలో మేడ మీద పోర్షన్‌లో బాడుగకు ఉంటున్నాం. బాత్‌రూమ్ నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. ఓనరు అందులోనే గ్యాస్ గీజర్ బిగించి, కిందే గ్యాస్ బండ పెట్టించారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మా ఆవిడ తలకు పోసుకుంటూ కళ్లు తిరిగి పడిపోయింది. గడియ వేసుకోలేదు కాబట్టి వెంటనే బయటికి తేగలిగాం, కాసేపటికి తేరుకుంది. గ్యాస్ వాసన మాత్రం రాలేదు. బిగించిన ప్లంబర్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుంటే చాలంటున్నాడు. ఓనరేమో 'పదేళ్లుగా ఇట్లే ఉంది, ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి, అయినా గ్యాస్ కంపెనీ బీమా ఉంది కదా' అంటున్నారు. ఏ ప్రమాదానికీ ఓనరు బాధ్యులు కారని అగ్రిమెంటులో రాసి ఉంది. కింది గదులు యాత్రికులకు రోజు బాడుగకు ఇస్తారు, అక్కడా ఇదే ఏర్పాటు. మేమేం చేయాలి?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: చట్టం సంగతి తర్వాత. ముందు ఈరోజే రెగ్యులేటర్ ఆపి, బండను బాత్‌రూమ్ నుంచి బయటికి తీసేయండి. గీజర్‌ను మాత్రం విప్పకండి. అది ఓనరు సొత్తు, పైగా రేపు సాక్ష్యం కూడా. ఉన్నది ఉన్నట్టుగా ఫొటోలు తీయండి: గీజర్, దాని మీది కంపెనీ ప్లేటు, బండ, ట్యూబ్, వెంటిలేటర్, తలుపు కింది సందు. టేపు పెట్టి గది కొలతలు కూడా ఫొటోలో పడేట్టు చూడండి.

మీ ఆవిడ పడిపోవడానికి కారణం లీకైన గ్యాస్ కాకపోవచ్చు. బండలోని గ్యాస్‌కు లీకైతే తెలిసేందుకని వాసన కలుపుతారు. కానీ గాలి చాలక మంట సగం సగంగా మండినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నిమిషానికి ఆరు లీటర్ల గీజర్ నిండు మంట మీద గంటకు ముప్పావు కిలో నుంచి కిలో దాకా గ్యాస్ కాలుస్తుంది. కిలో గ్యాస్ పూర్తిగా మండాలంటే పదిహేను కిలోల పైచిలుకు గాలి కావాలి. మీ బాత్‌రూమ్ ఎత్తు ఎనిమిదడుగులు అనుకుంటే అందులో పట్టే గాలి 192 ఘనపుటడుగులు. పావుగంట స్నానానికి ఆ మంట అడిగేది అందులో దాదాపు సగం. చలికి వెంటిలేటర్ కూడా మూసుకుంటే కొత్త గాలి రాదు. ఆక్సిజన్ కొద్ది శాతం తగ్గేసరికే విషవాయువు మొదలవుతుంది. తిరుపతిలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి గీజర్ కాయిల్ లోపల పొర కడుతుంది, వాడేకొద్దీ రెక్కల మధ్య మసి కూడా పేరుకుంటుంది. అప్పుడు పొగ పైకి పోయే దారి ఇరుకవుతుంది. నీలంగా ఉండాల్సిన మంట పసుపుకు తిరుగుతుంది. పదేళ్లుగా ఏమీ కాలేదన్న ఓనరు మాటకు ఇదే సమాధానం: పదేళ్ల కిందటి గీజర్ మంటా ఇప్పటి మంటా ఒకటి కావు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ సలహా తప్పు, ప్రమాదకరం కూడా. తలుపు మూసిన చిన్న గదిలో ఫ్యాన్ గాలిని బయటికి లాగితే, లోపలికి గాలి రావడానికి వేరే దారి లేనప్పుడు గీజర్ పొగగొట్టం నుంచి పైకి పోవాల్సిన పొగే వెనక్కి గదిలోకి వస్తుంది. ఇంకో సంగతి. ఈ గీజర్లు చాలావరకు బ్యాటరీతో వెలుగుతాయి. తెల్లవారుజామున కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, మంట ఆగదు.

మళ్లీ ఎవరికైనా ఇలా జరిగితే ముందు బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో 'గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూమ్‌లో పడిపోయారు' అని మొదటి మాటగా చెప్పి, రక్తంలో ఈ విషవాయువు ఎంత చేరిందో చూపే కార్బాక్సీ హిమోగ్లోబిన్ పరీక్ష అడగండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఈ విషాన్ని పట్టలేదు, అంకె మామూలుగానే చూపిస్తుంది. గంటలు గడిచేకొద్దీ రక్తంలో ఆనవాళ్లు తగ్గిపోతాయి కాబట్టి ఆలస్యమైతే ప్రాణానికే కాదు, కేసుకూ నష్టమే. మీ విషయంలో ఆ సమయం దాటిపోయింది. ఆరోజు డాక్టరుకు చూపించి ఉంటే ఓపీ చీటీ దాచండి.

ఇక బాధ్యత. మీ దంపతులు గీజర్ కొనలేదు, ప్లంబరుకు డబ్బులివ్వలేదు. అయినా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద, కొన్నవారి అనుమతితో వస్తువునూ సేవనూ వాడుకునేవారు కూడా వినియోగదారులే. బాత్‌రూమ్ లోపల బిగించవద్దని కంపెనీ మాన్యువల్‌లో స్పష్టంగా ఉంటే, కంపెనీ దాన్ని చూపించి బయటపడే అవకాశం ఎక్కువ. అప్పుడు భారం బిగించినవాడి మీదికి, అతన్ని పంపిన షాపు మీదికి వస్తుంది. మాన్యువల్‌లో ఆ హెచ్చరిక లేకపోతే, సరైన సూచనలివ్వని తయారీదారు మీదే ఉత్పత్తి బాధ్యత మోపవచ్చు. అందుకే పాత బిల్లు, మాన్యువల్ ఓనరు దగ్గర ఉన్నాయేమో అడగండి. ప్లేటు మీద ఐఎస్‌ఐ ముద్ర, ఐఎస్ 15558 అన్న ప్రమాణం సంఖ్య, సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఆ లైసెన్సు నంబరు నిజమైనదో కాదో, ఆ ముద్ర ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో నిమిషంలో తేలుతుంది.

ఓనరు మీద మాత్రం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కష్టం. నెలవారీ బాడుగ సంబంధాన్ని సాధారణంగా 'సేవ'గా చూడరు. ఆయన మీద సివిల్ కోర్టు దారి ఉంది. ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 108 ప్రకారం, తనకు తెలిసి, బాడుగదారుకు మామూలు జాగ్రత్తతో తెలియని ముఖ్యమైన లోపాన్ని ఓనరు ముందే చెప్పాలి. అయితే గీజర్ మీ కళ్లెదుటే ఉంది కాబట్టి ఒక్క ఈ నిబంధన మీదే కేసు నిలబెట్టలేం, నిర్లక్ష్యం మీద నిలబెట్టాలి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287 ప్రకారం మండే పదార్థాల విషయంలో ప్రాణాపాయం లేకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడం నేరం, ఆరు నెలల వరకు జైలు. నిర్లక్ష్యంతో ఎవరికైనా గాయమైతే సెక్షన్ 125, ప్రాణం పోతే సెక్షన్ 106(1). ఈ చివరిదానికి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది.

అగ్రిమెంటులోని 'ఓనరు బాధ్యులు కారు' అన్న వాక్యాన్ని చూసి భయపడకండి. నేర బాధ్యతను ఇద్దరు వ్యక్తులు కాగితం రాసుకుని రద్దు చేసుకోలేరు. పరిహారం విషయంలోనూ, ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 కింద వాదించవచ్చు. మీరు భయపడాల్సింది వేరే ఉంది. ఇంతవరకు ప్రమాదం సంగతి మీకు తెలియదు, ఇప్పుడు తెలుసు. తెలిసీ అదే గీజర్ వాడుతూ పోతే, రేపు ఏదైనా జరిగినప్పుడు 'మీ తప్పు కూడా ఉంది' అని పరిహారం తగ్గిస్తారు.

బీమా మీద ఓనరు ధీమా సగమే నిజం. ప్రభుత్వ చమురు కంపెనీలు తీసుకునే పాలసీలో మరణానికి మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి గరిష్ఠంగా 2 లక్షలు, రిజిస్టరైన చిరునామాలో ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా ఉంది. కానీ ఆ పాలసీ గ్యాస్ ప్రధాన కారణంగా అగ్నిప్రమాదం జరిగిన సందర్భాల కోసం రాసింది. మంట అంటుకోకుండా, పేలకుండా, మనిషి ఊపిరాడక పోతే బీమా కంపెనీ కాదనే అవకాశం చాలా ఉంది. పైగా ఓనరు పేరు మీది కనెక్షన్ బండను మీ పోర్షన్‌లో వాడుతుంటే మరో అభ్యంతరం. మీ పేరు మీద, మీ చిరునామాకు సొంత కనెక్షన్ తీసుకోండి. బాడుగ అగ్రిమెంటు చిరునామా రుజువుగా పనికొస్తుంది.

కింది గదుల సంగతి మరింత తీవ్రమైనది. యాత్రికులకు రోజు బాడుగకిచ్చే గదుల్లో 14.2 కిలోల ఇంటి బండ వాడటం, 2000 నాటి ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వుకు విరుద్ధం. అక్కడ 19 కిలోల లాంటి వాణిజ్య బండే వాడాలి. ఇది నిత్యావసర సరుకుల చట్టం కిందికి వస్తుంది, బండలు జప్తు అవుతాయి. రోజు బాడుగ కట్టే యాత్రికుడు మాత్రం సేవ కొన్న వినియోగదారుడు, ఓనరు మీద నేరుగా కమిషన్‌కు వెళ్లగలడు. ఎక్కడి నుంచో వచ్చి, కొండెక్కే ముందు స్నానానికి గడియ వేసుకునే కుటుంబానికి ఆ గీజర్ గురించి ఏమీ తెలియదు. మీకు తెలుసు కాబట్టి దీన్ని వదిలేయవద్దని గట్టిగా కోరుతున్నాను. ముందు ఓనరుకు చెప్పండి, వారంలో మారకపోతే పౌరసరఫరాల అధికారులకు రాతపూర్వకంగా ఇవ్వండి.

ఓనరుకు నోటీసు ఇలా ఉంటే చాలు: 'ఫలానా తేదీన మీరు అమర్చిన గ్యాస్ గీజర్ వాడుతుండగా నా భార్య స్పృహ తప్పింది. బాత్‌రూమ్ కొలతలు ఇవి, గాలి వచ్చే దారి లేదు. గీజర్ వాడకం ఆపేశాం. పదిహేను రోజుల్లో దాన్ని బయటికి మార్చండి లేదా కరెంటు గీజర్ పెట్టించండి. కింది గదుల్లోనూ ఇదే ప్రమాదం ఉందని మీ దృష్టికి తెస్తున్నాను.' అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపి, కాపీ దాచండి. ఈ కాగితం అందాక 'నాకు తెలియదు' అని ఆయన అనలేరు. మీ ఖర్చుతో మార్పించి బాడుగలో పట్టుకోవాలంటే, అది ఓనరు చేయాల్సిన రిపేరని అగ్రిమెంటులో ఉండాలి, నోటీసు తర్వాత తగిన గడువూ ఇచ్చి ఉండాలి. లేకపోతే ఆయన ఒప్పుకోలు కనీసం వాట్సాప్ మెసేజ్‌గానైనా తీసుకున్నాకే పని మొదలుపెట్టండి.

మార్చేటప్పుడు గీజర్ వెనుక బాల్కనీ గోడకో, గాలి ఆడే వాష్ ఏరియాకో ఉండాలి. దాని పొగ బాత్‌రూమ్ వెంటిలేటర్ వైపు రాకూడదు. గీజర్ దగ్గర ఫ్లెక్సిబుల్ మెటల్ పైపు, అక్కడి నుంచి సీపీవీసీ పైపులో ఉడుకునీళ్లు లోపలికి తెచ్చుకోవచ్చు. బండ నేల మీద నిలువుగా ఉండాలి. రబ్బరు ట్యూబ్ ఐఎస్‌ఐ ముద్ర ఉన్న నారింజ రంగు సురక్షా ట్యూబే కావాలి, మీటరున్నర దాటకూడదు, గోడ కన్నంలోంచి పోకూడదు. దూరమైతే వాల్వుతో రాగి పైపు వేయించాలి. ట్యూబును ఐదేళ్లకు మార్చాలి. లీకు చూడటానికి సబ్బు నురగ వాడాలి, అగ్గిపుల్ల ఎప్పుడూ గీయకూడదు. ఈ పని డిస్ట్రిబ్యూటర్ మెకానిక్‌తో చేయించి రసీదు తీసుకోండి. ఆ కాలనీకి పైపు గ్యాస్ వస్తే పాత గీజర్‌కే కలపకండి, రెండింటి ప్రెషర్, జెట్ (గ్యాస్ వచ్చే సన్న రంధ్రం) వేరు.

నష్టపరిహారానికి షాపు, ప్లంబరు మీద తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఘటన తేదీ నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. వస్తువు లేదా సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ముందుగా రాజీకి ప్రయత్నిస్తారు. వకీలు ఫీజు భరించలేకపోతే మీ ఆవిడ పేరు మీద జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది, ఫోన్ నంబరు 15100.