తాతయ్య లాగ్‌బుక్‌లో ‘వీవర్’ అంటే ఏంటి?

ప్రశ్న: సార్ నమస్తే, మాది కాకినాడ. మా తాతయ్య 1942లో ఇంట్లో చెప్పకుండా ఎయిర్‌ఫోర్స్‌లో చేరిపోయారట, 1946లో వచ్చేసి పొలం చూసుకున్నారు, యుద్ధం గురించి మాత్రం పోయేదాకా నోరు విప్పలేదు. మొన్న అటక సర్దుతుంటే ట్రంకుపెట్టెలో ఆయన లాగ్‌బుక్, అంటే పైలట్లు ఎగిరిన లెక్కలు రాసుకునే పుస్తకం, దొరికింది. బేగంపేట, టైగర్ మాత్ అని మొదలై చివర్లో ఇంఫాల్, హరికేన్ అని ఉంది. టాక్-ఆర్ అని, పక్కనే వీవర్ అని చాలాసార్లు రాసుకున్నారు, మాదేమో నేతపని ఇల్లు కాదు. తర్వాత సగం పుస్తకం ఖాళీ. ఇంకోటి, తాతయ్య రోడ్డు మీద నడుస్తూ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసేవారు, మేం పిల్లలం నవ్వేవాళ్లం. (పేరు రాయొద్దన్న పాఠకురాలు)

జవాబు: అమ్మా, చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను. టాక్-ఆర్ అంటే టాక్టికల్ రికానిసెన్స్, శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడం. రెండేసి హరికేన్ యుద్ధవిమానాలు వెళ్లేవి. ముందు విమానం పైలట్ చూపంతా కింద, అడవిలో బాటలూ బండ్లూ వెతుక్కుంటూ మ్యాప్ మీద గుర్తులు పెట్టుకుంటాడు, ఆకాశం చూసుకునే తీరిక అతనికి ఉండదు. అందుకే రెండోవాడు కాస్త వెనకగా అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ జపాన్ ఫైటర్ ఏదైనా ఎండలోంచి దిగుతుందేమోనని వెనక్కీ పైకీ చూస్తూనే ఉండాలి, అలా వంకర్లు తిరగడాన్నే ఇంగ్లీషులో వీవింగ్ అంటారు, ఆ రెండోవాడే వీవర్. హరికేన్‌లో సీటు ఒక్కటే, చూసిపెట్టడానికి ఇంకో మనిషి ఉండడు. తాతయ్యగారి అలవాటు దానివల్లే వచ్చిందని నేను ఒట్టేసి చెప్పలేను గానీ, నాకైతే అలాగే అనిపిస్తోంది.

ఆయన ఎందుకు చేరారో మీరడగలేదు, కానీ మీది కాకినాడ కదా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా మీ కాకినాడ మీదా బాంబులేశాయి, జనం మూటలు కట్టుకుని పల్లెలకి పోయారు. చేరింది ఆ తర్వాతేనేమో మామ్మగారుంటే అడిగి చూడండి.

అప్పట్లో మామూలుగా లాహోర్ దగ్గర వాల్టన్‌లో క్లాసులు, తర్వాత బేగంపేటలోనో జోధ్‌పూర్‌లోనో టైగర్ మాత్ అనే శిక్షణ విమానం, ఆపైన అంబాలాలో హార్వర్డ్ లాంటి పెద్ద విమానాలు, పైలట్ అయినట్టు ఇచ్చే రెక్కల బ్యాడ్జి అక్కడే. టైగర్ మాత్‌కి పైన కప్పు లేదు, బ్రేకుల్లేవు, ప్రొపెల్లర్ చేత్తో తిప్పి స్టార్ట్ చేయాలి. ముందు సీట్లో మాస్టారు, వెనక సీట్లో కుర్రాడు, మాటలన్నీ ఒక గొట్టంలోంచే. లాగ్‌బుక్‌లో మాస్టారితో ఎగిరిన ‘డ్యూయల్’ గడి నిండుతూ నిండుతూ ఒకరోజు మొదటిసారి ‘సోలో’ గడిలో నిమిషాలు పడతాయి, ఆ తేదీ వెతకండి. ఆరోజు ముందు సీటు ఖాళీగా ఉందన్నమాట, ఏ పైలటూ ఆ రోజు మర్చిపోడు.

ఇంఫాల్‌లో హరికేన్లతో మనవాళ్లది ఒకటో నంబర్ స్క్వాడ్రన్, అంటే విమాన దళం, ఉండేది, నాయకుడు అర్జన్ సింగ్, 1944లో అక్కడే ఆయనకి డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) అనే పతకం ఇచ్చారు. ఆ ఏడాది మార్చి చివర్లో జపాన్ సైన్యం ఇంఫాల్‌కి వచ్చే కోహిమా రోడ్డు కోసేసింది, జూన్ 22 దాకా తెరుచుకోలేదు, తిండీ మందుగుండూ అంతా గాల్లోనే వచ్చేది. మీ పేజీల్లో తేదీలు ఆ మూడు నెలలవైతే ముట్టడి లోపల ఉండి ఎగిరారని అర్థం.

నోరెందుకు విప్పలేదంటారా. కింద అడవిలో జపాన్ పక్కన నేతాజీ ఐఎన్‌ఏ, అంటే ఆజాద్ హింద్ ఫౌజ్, కూడా ఉంది, వాళ్లూ మనవాళ్లే. 1945 నవంబర్‌లో ఎర్రకోటలో ఐఎన్‌ఏ విచారణ మొదలైతే దేశమంతా వాళ్ల వెనకే నిలబడింది, అది న్యాయమే. కానీ అదే రోజుల్లో బ్రిటిష్ యూనిఫాంలో ఇంటికొచ్చిన కుర్రాణ్ని అరుగు మీద కూర్చోబెట్టి ఏం చూశావురా అని అడిగినవాళ్లు ఎంతమంది? మా నాన్నగారూ అలా వచ్చినవాడే, ఆర్మీ లారీ డ్రైవరు, నేను పైలట్‌ని అయ్యాక కూడా ఆయన్ని అడగలేదు, ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

పుస్తకానికి ల్యామినేషన్ వద్దు, చిరిగినచోట సెల్లోటేప్ వద్దు, ఎండలో అసలు పెట్టొద్దు. నీడలో పేజీ పేజీ ఫోటో తీయండి, ఖాళీ పేజీలతో సహా, ఒక్కోసారి వాటి మధ్యలోనే ఏదో ఒక ఉత్తరం ముక్క దొరుకుతుంది. స్క్వాడ్రన్ నంబర్ కనిపిస్తే నాకు మళ్లీ రాయండమ్మా.