బ్యాడ్జీలు కాదు, ముందు కోటు తిరగేసి చూడండి

"వియత్నాం యుద్ధం నాటి అసలు ఎం-65 జాకెట్ (అమెరికా సైనికులు తొడుక్కున్నది) అని ఒకతను అమ్ముతున్నాడు. యూవీ టార్చ్ (అతినీలలోహిత కాంతి లైటు) వేసి చూస్తే నకిలీదో కాదో తేలిపోతుందా?" అని అడిగారు. తేలదండీ. ముందు మీ జాకెట్ సంగతి చెప్పేసి, ఆ తర్వాత నాకు కడుపు మండే విషయానికి వస్తాను.

జాకెట్ లోపల కుట్టిన లేబుల్ చదవండి. అమెరికా సైన్యం సామాన్లకు 1974 దాకా 11 అంకెల స్టాక్ నంబర్ (ఒక్కో రకం వస్తువుకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండేది. ఆ ఏడాది 13 అంకెలకు మారింది. కాంట్రాక్ట్ నంబర్ డీఎస్ఏ అని మొదలైతే పాతది. డీఎల్ఏ అని ఉంటే 1977 తర్వాతది, ఎందుకంటే కొనుగోళ్లు చూసే సంస్థ పేరు అప్పుడే మారింది. అమెరికా పోరాట దళాలు 1973 మార్చికల్లా వియత్నాం వదిలి వెళ్లిపోయాయి. కాబట్టి 13 అంకెలు కనిపిస్తే అది నిఖార్సైన సైనిక జాకెట్టే కావచ్చు గానీ ఆ యుద్ధం చూసింది మాత్రం కాదు. లేబుల్ కూడా ఒకదాని మీంచి ఊడదీసి ఇంకోదానికి కుట్టొచ్చు. అందుకే దాని చుట్టూ పాత సూది రంధ్రాలు ఉన్నాయేమో చూడండి.

ఇక యూవీ టార్చ్. ఈ మధ్య అందరికీ ఇదొక తారకమంత్రం అయిపోయింది. దారం నీలంగా మెరిస్తే నకిలీ, మెరవకపోతే అసలు అని తీర్పు చెప్పేస్తున్నారు. మెరిసేది బట్టను తెల్లగా చూపించడానికి డిటర్జెంట్లలో కలిపే రసాయనం. 1944 నాటి అసలు చొక్కాని ఎవరో నిన్నగాక మొన్న వాషింగ్ మెషీన్‌లో వేసి ఉంటే అదీ మెరుస్తుంది. నకిలీలు చేసేవాళ్లకు ఈ టార్చ్ సంగతి మనకంటే బాగా తెలుసు, మెరవని నూలు దారమే వెతికి కొంటారు. వేలాడుతున్న పోగు ఒకటి కాల్చి చూడటం ఇంతకంటే నయం. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన, నూలు అయితే కాగితం కాలిన వాసన వస్తాయి. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. పాలిస్టర్ కనిపెట్టిందే 1941లో, మార్కెట్లోకి వచ్చింది యుద్ధం అయ్యాక. కాబట్టి రెండో ప్రపంచ యుద్ధం నాటి కోటులో ఆ ఉండ కనిపిస్తే గట్టిగా అనుమానించాల్సిందే.

నేను చెప్పాలనుకున్నది వేరే. ఒక సేకరణ మేళాలో మా మిత్రుడు జర్మన్ ఉన్ని కోటు ఒకటి పట్టుకుని కదలడం లేదు. కాలర్ మీద నాజీ పార్టీ సొంత సాయుధ దళమైన ఎస్ఎస్ గుర్తులు, ఎడమ చేతి మీద గద్ద బొమ్మ బ్యాడ్జీ. "మా తాతగారు యుద్ధం నుంచి తెచ్చారండీ" అంటున్నాడు అమ్మే ఆయన. లోపల అస్తరు మీద కోటు సైజు చెప్పే ఐదు కొలతల ముద్ర కూడా ఉంది, సిరా బట్టలోకి ఇంకిపోయి సరిగ్గానే ఉంది. మావాడు డబ్బులు తీయబోతుంటే ఆగమని, కోటు ఎండలోకి తెచ్చాను. కుడి జేబు పైన రెక్కలు చాచిన ఆకారం ఒకటి తేలింది. చుట్టూ బట్ట వెలిసి బూడిద రంగుకి తిరిగితే, అక్కడ మాత్రం పచ్చదనం ఇంకా మిగిలే ఉంది. దాని అంచు వెంట వరుసగా సన్నని సూది రంధ్రాలు. జర్మన్ సైన్యంలో సాధారణ సైనికుడికి గద్ద ఉండేది కుడి రొమ్ము మీద. ఎడమ చేతి మీద పెట్టుకునేది ఎస్ఎస్ వాళ్లు.

అమ్మే ఆయన తడుముకోలేదు. "యుద్ధం చివర్లో కొరత కదా సార్, ఎస్ఎస్ వాళ్లకీ ఆర్మీ కోట్లే ఇచ్చారు" అన్నాడు. ఆ మాట నిజమే, ఇచ్చారు. అయితే రొమ్ము మీది గద్దని అప్పుడే తీసేసి ఉంటే ఇన్ని దశాబ్దాల్లో అక్కడి బట్ట కూడా మిగతా కోటుతో పాటే వెలిసిపోవాలి. చేతి మీది గద్దని అప్పుడే కుట్టి ఉంటే దాని కింది బట్ట పచ్చగా నిలిచి ఉండాలి. ఆయన్ని అడిగి, చేతి మీది గద్ద మూల గోటితో కాస్త ఎత్తి చూశాను. కింద అంతా అదే బూడిద రంగు. అంటే రెండు పనులూ ఇటీవల జరిగినవే. మావాడు కోటు కింద పెట్టేశాడు.

నాకు మండేది ఇక్కడే. పూర్తిగా కొత్త బట్టతో కుట్టిన నకిలీ వల్ల పోయేది కొనేవాడి డబ్బు. సినిమా కోసం కుట్టినవి, యుద్ధ ప్రదర్శనల వాళ్లు వేసుకునేవి పాతబడి మార్కెట్లోకి వస్తుంటాయి, వాటిని పట్టుకోవడం కూడా పెద్ద కష్టం కాదు. అరిగినట్టు చూపించడానికి ఇసుక కాగితంతో కోటంతా ఒకేలా రుద్దుతారు. మనిషి వేసుకున్న కోటు మెడ లోపల, చేతుల అంచుల దగ్గర, జేబు నోటి దగ్గర అరుగుతుంది. చిమ్మటలు కొట్టాయంటూ రంధ్రాలు చూపిస్తారు. చిమ్మట పురుగు తినేది ఉన్నిని, నూలును కాదు. పైన ఉన్నికి రంధ్రం ఉండి, సరిగ్గా దాని కిందే నూలు అస్తరుకి కూడా అంతే రంధ్రం ఉంటే అది కత్తెర పనే. కానీ ఈ కోటు అసలుది. ఎవరో మామూలు సిపాయి తొడుక్కున్నది. ఎక్కువ రేటు వస్తుందని దాని గుర్తు ఊడదీసి, వేరే వాళ్ల గుర్తు అతికించారు. ఆ పని చేసిన దర్జీ ఒక్కడినే అని లాభం లేదు. ఎస్ఎస్ కావాలి, పారాట్రూపర్ కావాలి, మామూలు సిపాయి కోటు ఎవరిక్కావాలి అనే సేకర్తలే దీనికి కారణం. పైగా తాతగారి కథ ఒకటి, సంతకం పెట్టిన కాగితం ఒకటి ఉంటే చాలు వీళ్లకి. కాగితం ఒక్క సాయంత్రంలో రాయొచ్చు, ఎండకు వెలిసిన బట్టను అలా తయారు చేయలేరు.

తర్వాత మావాడికి ఇంకో ఆలోచన వచ్చింది. తక్కువకి ఇస్తే ఆ కోటు తీసుకుని, రొమ్ము మీద మళ్లీ ఆర్మీ గద్ద కుట్టించేద్దామా అన్నాడు. వద్దన్నాను. అది కూడా వేరే చోటి నుంచి ఊడదీసిన గద్దే అవుతుంది, రేపు కొనేవాడికి ఇంకో అబద్ధం. మీ చేతికి అలాంటి కోటు వస్తే తర్వాత అతికించినవి జాగ్రత్తగా విప్పేయండి, రొమ్ము మీది పచ్చటి మచ్చనీ సూది రంధ్రాలనీ అలాగే వదిలేయండి. ఏం తీశారో, ఎప్పుడు తీశారో కాగితం మీద రాసి లోపలి జేబులో పెట్టండి.