ఇజారాలను రద్దు చేయబోయిన పాషా

ప్రశ్న: మా తాతగారి పాత కాగితాల్లో ‘ఇజారా’ అన్న మాట తరచు కనిపిస్తుంది. తురుష్క సామ్రాజ్యంలో రషీద్ పాషా అనే మంత్రి ఇజారాలను, అంటే పన్ను వసూలు గుత్తలను, రద్దు చేశారని ఎక్కడో చదివాను. ఆయన ఎవరు? ఆ రద్దు నిలిచిందా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ముస్తఫా రషీద్ పాషా 1800లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోగా, ప్రభుత్వ కచేరీలో రాయసగాడిగా చేరి, 1834లో పారిస్‌కు, ఆపై లండన్‌కు రాయబారిగా వెళ్లారు. తరువాతి కాలంలో ఆరుసార్లు ప్రధాన వజీరు అయ్యారు.

ఆయన సంస్కరణల వెనుక స్వానుభవం కూడా ఉందని నా అభిప్రాయం. ఆయనను చేరదీసి పైకి తెచ్చిన పెర్తెవ్ పాషాను 1837లో సుల్తాన్ రెండవ మహమూద్ పదవి నుంచి తొలగించి, విచారణ లేకుండానే చంపించారు. రెండేళ్లకు మహమూద్ మరణించి, పదహారేళ్ల అబ్దుల్ మజీద్ గద్దెనెక్కాక, 1839 నవంబరు 3న గుల్హానే తోటలో, విదేశీ రాయబారుల సమక్షంలో, రషీద్ పాషా స్వయంగా ఒక ఫర్మానా చదివారు. బహిరంగ విచారణ లేనిదే ఎవరికీ మరణశిక్ష ఉండదనీ, ఆస్తి జప్తు ఉండదనీ, ఏ మతస్థుడైనా ఈ రక్షణ ఒక్కటేననీ, పన్ను ఎవరి స్తోమతను బట్టి వారికి నిర్ణయిస్తారనీ దాని సారాంశం. ఇజారా పద్ధతి వినాశకరమని కూడా అందులోనే ఉంది.

మీ వైపు వారపు సంతలో ఆశీలు పాట పాడుకున్నవాడు బుట్టకింత అని వసూలు చేయడం చూసినవారికి ఇజారా కొత్తగా చెప్పనక్కరలేదు. తురుష్క సామ్రాజ్యంలో పాట పాడుకున్నది పంటలో దశమభాగాన్ని. ఇజారాదారు మనిషి వచ్చి కళ్లంలో కుప్ప కొలిచేదాకా రైతు గింజ ముట్టుకోవడానికి లేదు. వాన ముంచుకొస్తున్నా అంతే. 1840లో రషీద్ పాషా వారి స్థానంలో జీతంపై పనిచేసే వసూలు అధికారులను పంపారు. లెక్కలు తెలిసిన సిబ్బంది చాలలేదు, పాత ఇజారాదారులూ స్థానిక పెద్దలూ సహకరించలేదు, ఖజానాకు రాబడి పడిపోయింది. 1841లో ఆయన మంత్రి పదవి పోయింది. అయితే పెర్తెవ్‌కు పట్టిన గతి ఆయనకు పట్టలేదు; మళ్లీ పారిస్‌కు రాయబారిగా పంపారు. తోటలో చదివిన మాటల్లో ఆ మేరకైనా నిలిచింది.

ఇజారాలు మాత్రం 1842కల్లా తిరిగి వచ్చాయి. 1858లో ఆయన కన్నుమూసే నాటికీ అవి పోలేదు. ఆ దశమభాగం పన్నునే టర్కీ రిపబ్లిక్ 1925లో ఎత్తివేసింది.