ఫౌంటెన్ పెన్నులకు, ఏ5 నోటుపుస్తకానికి ఎలాంటి తోలు కేసు కొనాలి: సమాధానం

మూడు ఫౌంటెన్ పెన్నులనూ ఒక ఏ5 నోటుపుస్తకాన్నీ ఒకే తోలు సంచిలో వేసుకుని తిరగడం వల్ల పెన్నుల మీద గీతలు, పుస్తకం అట్ట మీద సిరా మరకలు పడుతున్నాయని రాశారు. ఇందులో తప్పు తోలుది కాదు, లోపలి అమరికది. ఒక పెన్ను క్లిప్పు పక్క పెన్ను ఒంటిని గీయకుండా ఉండాలంటే ప్రతి పెన్నుకూ విడి అర ఉండి, వాటి మధ్య తోలు గోడ అడ్డుగా నిలవాలి. మీ పెన్నుల్లో అన్నిటికన్నా లావైనదాన్ని మూతతో, క్లిప్పుతో సహా కొలిచి అర వెడల్పు చూసుకోండి. మొదట్లో కాస్త బిగుతుగా ఉన్నా తోలు వాడుకలో సాగుతుంది కాబట్టి వదులుగా ఉన్నది మాత్రం తీసుకోవద్దు.

ఏ5 కాగితం 148 × 210 మిల్లీమీటర్లే అయినా, గట్టి అట్ట, పుస్తకం మందం కలిసేసరికి సరిగ్గా ఆ కొలతకే కుట్టిన కవరులో అది దూరదు.

తోలు విషయానికొస్తే, చెట్ల బెరడులోని టానిన్లతో పదును చేసినది మొదట బిరుసుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ రంగు ముదురుతుంది, అయితే నీటి చుక్క పడితే మచ్చ కడుతుంది. వానలో తిరిగేవారికి క్రోమియంతో పదును చేసిన మెత్తటి తోలే నయమని నా అభిప్రాయం. తోలు ముక్కల పొడిని జిగురుతో అతికించి చేసే బాండెడ్ లెదర్ పొరలుగా ఊడిపోతుంది, దాని జోలికి పోవద్దు.

సిరా మరకలకు మందు కేసులో కన్నా మీ అలవాటులోనే ఉంది: పాళీ పైకి ఉండేలా పెన్నులను నిలబెట్టి తీసుకెళ్లండి.