టెక్ సందేహాలు: కెమెరా మీదే, లాగిన్ ఎవరిది?

ప్రశ్న: కొత్త స్మార్ట్ ప్లగ్ వైఫైకి కలవడం లేదు. ఫోన్‌లో అదే వైఫై బ్రహ్మాండంగా వస్తోంది. ప్లగ్ పాడైనట్టేనా?

పాడవలేదు. ఈ ప్రశ్నకి ఎన్నిసార్లు జవాబు రాశానో లెక్కపెట్టడం మానేశాను, అయినా వస్తూనే ఉంది. తప్పు మీది కాదు. డబ్బా మీద పెద్దగా రాయాల్సిన మాటని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసిన వాళ్లది.

చవక ప్లగ్గులు, బల్బులు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. ఇప్పటి రౌటర్లేమో 2.4కీ 5కీ కలిపి ఒకే పేరు పెట్టేసి, ఫోన్‌ని వీలైనంతవరకూ 5 మీదికి నెడతాయి. ఫోన్ ఒక బ్యాండ్‌లో పిలుస్తుంటే ప్లగ్ ఇంకో బ్యాండ్‌లో చెవి ఒగ్గి కూర్చుంటుంది. రౌటర్ సెట్టింగుల్లో గెస్ట్ నెట్‌వర్క్ (ఇంటికొచ్చినవాళ్ల కోసం ఉండే విడి వైఫై) ఆన్ చేసి, దాన్ని 2.4కి మాత్రమే పరిమితం చేసి, ఫోన్‌ని కాసేపు అందులోకి మార్చి ప్లగ్‌ని కలపండి. అప్పటికీ మొరాయిస్తే రౌటర్ సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతి ఒక్కటే పెట్టి ఉందేమో చూడండి. డబ్ల్యూపీఏ2ని కూడా ఒప్పుకునే మిశ్రమ పద్ధతికి మార్చాలి, పాత చిప్‌లు చాలావాటికి 3 తెలియదు. యాప్ లొకేషన్ అడిగితే కంగారు పడకండి. పాత ఆండ్రాయిడ్ వెర్షన్లలో చుట్టుపక్కల పరికరాలను వెతకాలంటే ఆ అనుమతి తప్పదు. పని అయ్యాక తీసేయండి. కాంటాక్టులు అడిగితే మాత్రం ఇవ్వకండి. మీ బంధువుల నంబర్లతో ప్లగ్‌కి పనేంటి?

కొందరు "వైఫై పాస్‌వర్డ్ తీసేసి చూశాం, వెంటనే కలిసిపోయింది" అని సంతోషంగా రాశారు. చదవడం ఇక్కడ ఆపి, ముందు వెళ్లి పాస్‌వర్డ్ పెట్టి రండి.

ప్రశ్న: తక్కువ ఖర్చులో ఇంటిని స్మార్ట్ చేసుకోవాలని ఉంది. హబ్, బల్బులు, సెన్సర్లు అన్నీ ఉన్న కిట్ కొనాలా, విడివిడిగా కొనాలా?

కిట్ వద్దు. అందులో సగం వస్తువులు మీకు అక్కర్లేనివి, వాటి కోసం మీరు అవసరాలు కనిపెట్టుకోవాల్సి వస్తుంది. ఇంట్లో రోజూ విసిగించే పని ఒక్కటి పట్టుకోండి. రాత్రి మెట్ల దగ్గర చీకటా? పడుకున్నాక గుర్తొచ్చే ఏసీయా? దానికి మాత్రమే ఒక వస్తువు కొని, కొన్నాళ్లు వాడి చూసి, రెండోదాని సంగతి అప్పుడు ఆలోచించండి.

నన్నడిగితే, పెట్టిన డబ్బుకి ఎక్కువ పని చేసిపెట్టేది ఐఆర్ బ్లాస్టర్, అంటే రిమోట్ పంపే ఇన్‌ఫ్రారెడ్ సంకేతాలనే ఫోన్ చెప్పినప్పుడు పంపే చిన్న పరికరం. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌తో నడిచే పాత ఏసీ, టీవీ, ఫ్యాన్ లాంటివి దాని మాట వింటాయి. అయితే అది ఆదేశం పంపుతుందే తప్ప, అవతల ఏసీ నిజంగా ఆగిందో లేదో దానికి తెలియదు. యాప్‌లో "ఆఫ్" అని చూపించినంత మాత్రాన నమ్మకండి.

బల్బా, స్విచ్చా అనే దగ్గర చాలామంది పొరబడతారు. స్మార్ట్ బల్బుకి కరెంటు ఎప్పుడూ అందుతూ ఉండాలి. ఇంట్లో ఎవరో ఒకరు గోడ మీద స్విచ్ కట్టేస్తారు, అక్కడితో దాని తెలివి ఆఖరు. టేబుల్ లైటుకి బల్బు సరే. నలుగురూ వాడే గది లైటుకి స్విచ్ మార్చుకోవడమే నయం. కొనే ముందు ఎలక్ట్రీషియన్‌తో స్విచ్‌బోర్డు విప్పించి లోపల న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఉందో లేదో చూడమనండి. చాలా ఇళ్లలో స్విచ్ దాకా ఫేజ్ మాత్రమే వస్తుంది, ఎక్కువ స్మార్ట్ స్విచ్‌లకేమో న్యూట్రల్ కావాలి. న్యూట్రల్ అక్కర్లేదని అమ్మేవి కూడా ఉన్నాయి. వాటితో చిన్న ఎల్ఈడీ బల్బులు ఆఫ్‌లో ఉన్నా మిణుకుమిణుకుమనే అవకాశం ఉంది.

తలుపు సెన్సర్లు, మోషన్ సెన్సర్లు ఎక్కువగా పెట్టాలనుకుంటే అప్పుడు జిగ్‌బీ హబ్ గురించి ఆలోచించండి. జిగ్‌బీ అంటే తక్కువ కరెంటుతో నడిచే ఇంకో వైర్‌లెస్ పద్ధతి, హబ్ ఆ సెన్సర్లన్నిటినీ కలిపే పెట్టె. వైఫై సెన్సర్లు బ్యాటరీని తొందరగా తినేస్తాయి.

ప్రశ్న: వాటర్ హీటర్‌కి స్మార్ట్ ప్లగ్ పెట్టాను. పొద్దున్నే దానంతట అదే ఆన్ అవుతుంది. ప్లగ్ వేడెక్కుతోంది, ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. ఇవాళే తీసేయండి. 2000 వాట్ల హీటర్ 230 వోల్టుల మీద సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది, 3000 వాట్లదైతే 13. ప్లగ్ మీద 10 ఆంపియర్లని రాసి ఉంటే గంటల తరబడి 10 మోస్తుందని కాదు. కరెంటు రెట్టింపైతే లోపలి కాంటాక్టుల దగ్గర వేడి నాలుగింతలవుతుంది. 16 ఆంపియర్ల స్మార్ట్ స్విచ్‌ని తగిన వైరింగ్‌తో ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి. ఇస్త్రీ పెట్టెనీ రూమ్ హీటర్‌నీ మాత్రం టైమర్‌కి ఎప్పుడూ తగిలించకండి. అవి ఆన్ అయ్యే సమయానికి వాటి మీద ఏ బట్ట పడి ఉందో యాప్‌కి తెలియదు.

ప్రశ్న: హాల్లో కెమెరా రాత్రిపూట తనంతట తానే తిరుగుతోంది. ఎవరైనా హ్యాక్ చేశారేమోనని టెన్షన్‌గా ఉంది. పాస్‌వర్డ్ మార్చాను. సరిపోతుందా?

మోషన్ ట్రాకింగ్ ఆన్‌లో ఉంటే పురుగు ఎగిరినా, కర్టెన్ కదిలినా కెమెరా తిరుగుతుంది. దాన్ని ఆఫ్ చేసి చూడండి. చాలాసార్లు సంగతి అక్కడే తేలిపోతుంది. అయినా మీ టెన్షన్‌ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే చవక స్మార్ట్ పరికరాలన్నిటిలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదొక్కటే.

మొదటి ప్రశ్న మిమ్మల్నే అడుగుతాను. ఆ కెమెరా బిగించింది ఎవరు? యాప్‌లో మొదట లాగిన్ అయ్యింది ఎవరి ఫోన్ నుంచి? ఈ యాప్‌లలో మొదట జోడించినవాళ్లే ఓనర్, తర్వాత వచ్చినవాళ్లంతా "షేర్" చేసుకున్నవాళ్లు. బిగించడానికి వచ్చినతను పని తొందరగా అవుతుందని తన ఈమెయిల్‌తోనే ఖాతా తెరిచి, మీకు షేర్ చేసి వెళ్లిపోయి ఉంటే, మీ హాలు ఇప్పటికీ అతని ఫోన్‌లో కనబడుతూనే ఉంటుంది. అతను చెడ్డవాడని అనడం లేదు. ఇల్లు కట్టిన మేస్త్రీ తాళంచెవుల గుత్తి తన దగ్గరే ఉంచుకుంటే ఊరుకుంటామా? అలాంటప్పుడు మీరు మార్చిన పాస్‌వర్డ్ మీ ఖాతాది మాత్రమే, ఓనర్ ఖాతాకి దానితో సంబంధం లేదు. కెమెరా వెనక ఉన్న రీసెట్ బటన్ నొక్కితే చాలనుకోవద్దు. దొంగతనాలకి అడ్డుకట్టగా కొన్ని రకాల్లో పాత ఓనర్ తన యాప్‌లోంచి డిలీట్ చేస్తేనే ఆ ముడి తెగుతుంది. అతన్ని పిలిపించి, మీ ఎదురుగా డిలీట్ చేయించి, కెమెరాని రీసెట్ చేసి, మీ ఈమెయిల్‌తో మొదటినుంచి జోడించండి. పాత అద్దెదారులు, విడిపోయిన భాగస్వాములు, పని మానేసిన సిబ్బంది, వీళ్లెవరైనా షేర్ జాబితాలో మిగిలి ఉన్నారేమో కూడా చూడండి. సినిమాల్లో చూపించే హ్యాకర్ కన్నా ఈ జాబితా ప్రమాదం.

రెండోది, ఒకే పాస్‌వర్డ్‌ని అన్నిచోట్లా వాడే అలవాటు. ఏదో షాపింగ్ సైట్ నుంచి లీకైన ఈమెయిలూ పాస్‌వర్డూ పట్టుకుని, వాటినే కెమెరా యాప్‌లలో వరసగా ప్రయత్నించే ప్రోగ్రాములు ఉన్నాయి. అక్కడ కెమెరాని బద్దలుకొట్టాల్సిన పనే లేదు, మీరే తలుపు తీసి ఉంచారు. కొత్త పాస్‌వర్డ్‌తో పాటు రెండంచెల ధృవీకరణ ఆన్ చేసి, "అన్ని పరికరాల నుంచి లాగౌట్" అనేది కూడా నొక్కండి. పాస్‌వర్డ్ మార్చినా పాత లాగిన్‌లు కొన్ని యాప్‌లలో అలాగే కొనసాగుతాయి. రెండంచెల ధృవీకరణ అసలే లేని యాప్ అయితే ఆ కెమెరాని ఇంటి లోపల వాడొద్దు.

మూడోది, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ఇంటర్నెట్‌లో తిరుగుతూ కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్ల మీద 60కి పైగా ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను ప్రయత్నించింది. అంతకుమించి తెలివేమీ చూపించలేదు. అలా లొంగిన పరికరాల సైన్యంతో ఆ ఏడాది అక్టోబర్ 21న వెబ్‌సైట్ పేరుని బట్టి దాని చిరునామా వెతికిపెట్టే (డీఎన్ఎస్) డైన్ అనే కంపెనీ మీద దాడి జరిగితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ లాంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు. కెమెరాల ఓనర్లకి మాత్రం ఏ తేడా తెలియలేదు, వాటిలో వీడియో మామూలుగానే వస్తోంది మరి. పరికరాన్ని ఆపి ఆన్ చేస్తే మిరాయ్ పోయేది, పాస్‌వర్డ్ మార్చకపోతే కాసేపట్లోనే మళ్లీ వచ్చేది.

రౌటర్‌లో యూపీఎన్‌పీని ఆఫ్ చేయండి, పరికరాలు మిమ్మల్ని అడక్కుండానే బయటికి దారి తెరుచుకునే సదుపాయం అది. బయటినుంచి చూడాలని ఎవరైనా పోర్ట్ ఫార్వర్డింగ్ (ఇంటర్నెట్ నుంచి నేరుగా కెమెరాకి దారి) పెట్టి ఉంటే తీసేయండి. కెమెరాలనీ ప్లగ్గులనీ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంచితే, వాటిలో ఒకటి లొంగినా మీ లాప్‌టాప్ దాకా రావడం కష్టం. పడకగదిలో కెమెరా పెట్టాలా అని అడిగేవాళ్లకి నా జవాబు ఎప్పుడూ ఒకటే, వద్దు.

ప్రశ్న: మొన్నటి అప్‌డేట్ తర్వాత స్మార్ట్ స్విచ్ యాప్ మళ్లీ లాగిన్ అడుగుతోంది. ఇంటర్నెట్ పోతే లైటు కూడా వేయలేకపోతున్నాం. ఇదివరకు ఇలా లేదు. పాత వెర్షన్‌కి వెళ్లొచ్చా?

సాధారణంగా కుదరదు. కుదిరినా సెక్యూరిటీ సవరణలు పోతాయి కాబట్టి వెళ్లమనను.

కానీ మీ ప్రశ్న నన్ను ఇంకోచోటికి లాగుతోంది. గోడ మీదున్న స్విచ్‌కీ, అదే గదిలో మీ చేతిలో ఉన్న ఫోన్‌కీ మధ్య దూరం నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగులు దాటడానికి ఆదేశం ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి రావాలని ఎవరు నిర్ణయించారు? సాంకేతికంగా ఆ అవసరం లేదు. ఇంట్లో రౌటర్ ఉంది, స్విచ్ అదే రౌటర్‌కి కలిసి ఉంది. సర్వర్ మీ కోసం కాదు. మీరు లైటు ఎప్పుడు వేశారో, ఎప్పుడు ఆర్పారో రాసిపెట్టుకోవడానికీ, రేపు చందా అడగడానికీ అది వాళ్లకి కావాలి. అమ్మేటప్పుడు పనిచేసిన సౌకర్యాన్ని అప్‌డేట్ పేరుతో తీసేయడం నా దృష్టిలో అమ్మిన వస్తువులోంచి ఒక ముక్క వెనక్కి లాక్కోవడమే. ఆ సర్వర్ కూడా శాశ్వతం కాదు. ఒక స్మార్ట్ హోమ్ హబ్‌ని తయారుచేసిన కంపెనీని ఇంకో కంపెనీ 2014లో కొనేసి, 2016లో సర్వర్ ఆపేసింది. జనం డబ్బులిచ్చి కొనుక్కున్న హబ్బులు పనికిరాని డబ్బాలుగా మిగిలాయి. హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేదు.

చట్టాలు మెల్లగా కదులుతున్నాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి సులువుగా ఊహించగల ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో ఇలాంటి పరికరాలు అమ్మకూడదు, సెక్యూరిటీ అప్‌డేట్‌లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో చెప్పి తీరాలి. ఆ రెండో నిబంధన నాకు ఎక్కువ నచ్చింది. మీరెక్కడున్నా కొనే ముందు ఆ తేదీ కోసం వెతకండి. అది ఎక్కడా కనబడకపోతే ఎంత చవకైనా పక్కన పెట్టండి.

ఇక మీ స్విచ్ సంగతి. 2022 అక్టోబర్‌లో వచ్చిన మ్యాటర్ అనే ప్రమాణం ఉంది. అందులో ఆదేశాలు ఇంటి నెట్‌వర్క్‌లోనే నడుస్తాయి. మీ మోడల్‌కి మ్యాటర్ అప్‌డేట్ ఇచ్చి ఉంటే దానికి మారండి, అయితే ఇంట్లో మ్యాటర్ కంట్రోలర్ (ఆ పరికరాలకి ఆదేశాలిచ్చే స్మార్ట్ స్పీకర్ లాంటిది) ఒకటి ఉండాలి. కాస్త ఓపిక ఉన్నవాళ్లకి హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పాత కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది. అది అన్ని మోడళ్లనీ సర్వర్ లేకుండా నడిపించలేదు, మీది జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. కొత్తగా కొనేవాళ్లు చేయాల్సింది ఇంకా తేలిక. వాపసు గడువు దాటకముందే, రౌటర్‌ని ఆన్‌లోనే ఉంచి ఇంటర్నెట్ వైరు ఒక్కటి పీకేయండి. ఫోన్‌లో మొబైల్ డేటా కూడా ఆపేసి, యాప్‌లో స్విచ్ నొక్కండి. లైటు వెలగకపోతే ఏం చేయాలో నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: వాయిస్ అసిస్టెంట్‌తో తలుపు తాళం తీసేలా పెట్టుకోవచ్చా?

వేయడానికి పెట్టుకోండి, తీయడానికి వద్దు. కిటికీ బయటినుంచి గట్టిగా పలికినా దానికి వినబడుతుంది. తప్పదంటే మాటతో పాటు పిన్ అడిగేలా పెట్టండి. మామూలు తాళంచెవి ఒకటి ఇంటి బయట నమ్మకస్తుల దగ్గర ఉంచండి, బ్యాటరీ అయిపోయేది మీరు వర్షంలో నిలబడ్డప్పుడే.

ప్రశ్న: కరెంటు పోయి అర్ధరాత్రి తిరిగొస్తే ఇంట్లో స్మార్ట్ బల్బులన్నీ ఒక్కసారిగా వెలిగి అందరినీ లేపేస్తున్నాయి. ఏం చేయాలి?

యాప్‌లో ఒక్కో బల్బు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కరెంటు తిరిగొచ్చాక ఏం చేయాలనే చోట "మునుపటి స్థితి" ఎంచుకోండి. ఆ ఆప్షన్ కనబడకపోతే బల్బు ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ లేకపోతే ఆ బల్బుని పడకగది నుంచి తీసి వరండాలో పెట్టుకోండి.