దూదితో తుడిచి చూడు

అమ్మాయీ,

వచ్చే వారం మొదటి ఫ్లోరసెన్స్ కేసు (మందు పూసి, వెలుగు వేసి, చెడిపోతున్న కణాలు మెరిసేలా చేసే పరీక్ష) చూడబోతున్నావని రాశావు. టెన్షన్ సహజమే. మెషీన్ వాడకం మాన్యువల్‌లో ఉంటుంది. అందులో లేని సంగతులే నేను రాస్తున్నాను.

ఏఎల్ఏ (అమైనోలెవులినిక్ యాసిడ్) జెల్ పూసి వెంటనే లైటు వేస్తే ఏమీ కనబడదు. ఆ మందు కణంలోకి వెళ్లి, వెలుగు పడితే మెరిసే ప్రోటోపార్ఫిరిన్‌గా మారాలి. మామూలు కణం దానికి ఇనుము చేర్చి హీమ్ (రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం) చేసేసుకుంటుంది. చెడిపోతున్న కణంలో ఆ పని వెనకబడి, సరుకు పేరుకుపోతుంది. అందుకు కొన్ని గంటలు ఆగాలి. ఆ తర్వాత 405 నానోమీటర్ల దగ్గరి ఊదారంగు వెలుగు వేస్తే, 635 దగ్గర ఎర్రగా మెరుస్తుంది.

ఆ ఎరుపు చూసి మురిసిపోకు. నా తొలి రోజుల్లో సర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) మీద ఒక మెరుపు చూసి, పెద్ద మచ్చే దొరికిందనుకున్నాను. పక్కనున్న నర్సు దూదితో తుడిస్తే ఎరుపంతా దూదికే అంటుకొచ్చింది! కింద కణజాలం మామూలుగానే ఉంది. స్రావంలోని బాక్టీరియా కూడా ఏఎల్ఏని పార్ఫిరిన్‌గా మార్చగలదని అప్పుడు తెలిసొచ్చింది. వాపున్న చోటా ఇలాగే మోసపోతాం. ముందు తుడువు, తర్వాత చూడు. స్పెక్యులమ్ (యోనిని తెరిచి ఉంచే సాధనం) మెల్లగా పెట్టు, గీరుకుని రక్తం రానీకు. రక్తం ఊదా వెలుగును మింగేస్తుంది, అక్కడంతా నల్లగా కనబడుతుంది.

అదే మందు పూసి, ఎర్ర లైటు వేసి చెడ్డ కణాలను చంపే చికిత్స దగ్గర ఇంకా జాగ్రత్త. ఎర్ర లైటు లోపలికి వెళ్లేది కొద్ది మిల్లీమీటర్లే. కోసి తీస్తే పరీక్షకు ముక్క మిగులుతుంది, లైటుతో చేస్తే ఏమీ మిగలదు. కాబట్టి బయాప్సీ రిపోర్టు చేతిలో లేకుండా మొదలుపెట్టకు. సర్విక్స్ కెనాల్ (గర్భాశయంలోకి వెళ్లే సన్నని దారి) లోపలికి మార్పు పాకిందనిపించినా, క్యాన్సర్ లోతుకు దిగిందన్న అనుమానమున్నా ఈ పద్ధతి వద్దు. పిల్లలు కావాలనుకునే ఆమెకు కణజాలం దక్కడం మేలే, కానీ ఇది ఇంకా అందరికీ చేసే ప్రామాణిక చికిత్స కాదని ఆమెకు విడమరిచి చెప్పు.

చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్ల చొప్పున 100 జౌల్స్ ఇవ్వాలంటే 1000 సెకన్లు, దాదాపు 17 నిమిషాలు. వల్వా (యోని బయటి భాగం) మీదైతే ఆ మంట మామూలుగా ఉండదు. "కొంచెం చురుక్కుమంటుందంతే" అని అబద్ధం చెప్పకు. నొప్పి మందు ముందే ఇవ్వు, ఓర్చుకోలేకపోతే లైటు ఆపు. ఆపిన కాసేపట్లో కణజాలానికి ఆక్సిజన్ మళ్లీ చేరుతుంది, అది లేకపోతే ఈ చికిత్సే లేదు. ఆమె తలవైపు స్టూలు వేసుకుని కూర్చో.

అన్నట్టు, పోర్ఫిరియా (ఒంట్లో పార్ఫిరిన్లు పేరుకుపోయే జబ్బు) ఉందేమో జెల్ పూయకముందే అడుగు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ